ఐదో బుట్టకి ఎన్ని బారలు

గిలకలదిండి రేవులో వెంకటపతి చెప్పే కబుర్లలో సగం కొట్టేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం కొట్టేసినా, ఆ పావు వాటాలో కూడా ఒక తిమింగలం తోక ఆడిస్తూ కనపడుతుంది. ఒకసారి ఏరు సముద్రంలో కలిసే మొగలో వల విసిరితే చందమామ నీడ చిక్కిందంటాడు. విడిపించబోతే వేలు కొరికిందని మచ్చ కూడా చూపిస్తాడు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాడు. ఎందుకయ్యా అంటే, లెక్కల మాస్టారి తప్పులు తను దిద్దుతుంటే ఆయన తట్టుకోలేక, "నాయనా, ఈ బళ్ళో మనిద్దరిలో ఒక్కరే ఉండాలి" అని చేతులు పట్టుకున్నాడట. మాస్టారికి పెళ్ళాం పిల్లలు ఉన్నారు కదా అని తనే బయటికొచ్చేశాడట. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు.

ఇప్పుడతనికి నలభై ఎనిమిదేళ్ళు. వేటకి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. రేవు ఒడ్డున రేకుల పాకలో కూర్చుని వలలకి తాళ్ళు కడతాడు, కావలసినవాళ్ళకి తాడు కొలిచి అమ్ముతాడు. కొలత బారతో. రెండు చేతులూ బార్లా చాచితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఒక బార. అది ఆరడుగులని రేవులో లెక్క. వెంకటపతి తాడు కొలుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. చేతులు కొంగ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. నోరు మాత్రం తెరుచుకునే ఉంటుంది. దివిసీమలో కోడూరు నుంచి ఉల్లిపాలెం వంతెన మీదుగా బండేసుకొచ్చే ఏసుపాదం ఇరవయ్యేళ్ళుగా అతని దగ్గరే తాడు కొంటున్నాడు. ఎప్పుడొచ్చినా, "బావా, నలభయ్యెనిమిది బారలు" అంటాడు. నలభయ్యో యాభయ్యో అనకుండా ఈ చిల్లర లెక్కేమిటని వెంకటపతి ఏనాడూ అడగలేదు. దివిసీమ వాళ్ళు అంతేలే అనుకునేవాడు.

ఆ పాకకి ఒకరోజు గుడివాడ నుంచి శ్రీకృష్ణ మాస్టారు వచ్చాడు. అక్కడొక ప్రైవేటు కాలేజీలో డ్రిల్లు మాస్టారు. బెంగుళూరులో ఏదో ఆట చూసొచ్చి, అది మనవైపు కూడా పెట్టాలని పిచ్చెక్కి తిరుగుతున్నాడు. డిస్క్ గోల్ఫ్ అంటారట. కంచం లాంటి ప్లాస్టిక్కు పళ్ళేన్ని దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. ఎంత తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. ఒక బుట్ట అయ్యాక ఇంకో బుట్ట, అలా తొమ్మిది. బీచికి వెనక సరుగుడు చెట్ల సర్వితోట ఒకటి సగం కొట్టేసి ఉంటే, ఆ రైతుని బతిమాలి చోటు సంపాదించాడు. గొలుసుల కోసం రేవుకొచ్చాడు.

"ఒక్కో బుట్టకి ఇరవై నాలుగు గొలుసులు కావాలండీ, వెంకటపతి గారూ."

"గొలుసులకేం మాస్టారూ! మా తాత లంగరు గొలుసు ఒకటుంది. నీళ్ళలో వదిలితే అడుగు తాకేసరికి మూడు రోజులు పట్టింది. కోసిస్తాను, మీ తొమ్మిది బుట్టలకీ సరిపోగా గుడివాడ దాకా వేలాడదియ్యొచ్చు."

తాత గొలుసు సంగతి ఎలా ఉన్నా, బుట్టలు మాత్రం అతనే చేయించాడు. అంతటితో ఆగలేదు. మాస్టారు కాగితం మీద గీతలు గీసుకొచ్చి, ఇక్కడ నిలబడి విసరాలి, అక్కడ బుట్ట ఉండాలి అంటుంటే, వెంకటపతి ఆ కాగితం మడిచి చెవిలో పెట్టుకుని తోటంతా నాలుగు రోజులు తిరిగాడు. ఇది కబుర్ల పావులో తిమింగలం కాదు, నిజం. గాలి సంగతి అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? పొద్దున నేల గాలి, ఎండెక్కాక సముద్రపు గాలి. ఎదురుగాలికి పళ్ళెం ముక్కు పైకెత్తి తిరగబడుతుంది, వెనకగాలికి నేలకి కొట్టుకుంటుంది. రెండు గంటలు చూసి అది కనిపెట్టాడు. మూడో బుట్టని రెండు సర్విచెట్ల మధ్య తలుపు సందులాంటి చోట పెట్టించాడు. ఆరోది ఉప్పుకాలవకి అవతల. "ఓడిపోయినవాడికి కోపం రావాలి గానీ ఇంటికెళ్ళాలనిపించకూడదు మాస్టారూ" అన్నాడు. ఆ మాటకి శ్రీకృష్ణ మాస్టారు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

దూరాలు కొలవాల్సి వచ్చింది. రేపు టేపు తెస్తానన్నాడు మాస్టారు.

"టేపా?" వెంకటపతికి అవమానంగా తోచింది. "మా నాయన సముద్రం లోతు బారల్లో చెప్పేవాడండీ, నీళ్ళ రంగు చూసి. నాకు టేపు తెస్తారా?"

తాడు తీశాడు. చేతులు తెరిచి మూసి, తెరిచి మూసి, తొమ్మిది బుట్టలకీ కొలిచేశాడు. ఐదో బుట్ట సరిగ్గా యాభై బారలు. మాస్టారు ఆరుతో హెచ్చవేసి, మీటర్లలోకి మార్చి, బోర్డు మీద 91 అని రాయించాడు. చెట్టు అడ్డంలేని నేల, ఒకే సాపు. మొదటి విసురుకే అందుకోవాలని అందరూ ఆశపడే బుట్ట అదే.

ఆట పెరిగింది. పెదనలో అద్దకం పనివాళ్ళు ఆదివారాలు రావడం మొదలెట్టారు. గుడివాడ కాలేజీ పిల్లలు, నందివాడ నుంచి ముగ్గురు వరిరైతులు, ఆడవాళ్ళు కూడా వచ్చారు. రేవులో దానికి పళ్ళాలాట అని పేరు పడింది. వచ్చిన ప్రతివాడికీ వెంకటపతి తోట చూపించి, ఇలాంటిది బెంగుళూరులో కూడా లేదనేవాడు. బెంగుళూరు అప్పటికి చూడలేదు.

ఎండుచేపల పున్నమ్మ కూతురు సుమతి ఆ ఆదివారాల్లోనే వచ్చింది. ఇరవయ్యారేళ్ళు. రొయ్యల షెడ్డులో పని. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలిచే పిల్ల, పళ్ళెం చేతికిస్తే మణికట్టు ఒక్క విదిలింపు విదిలించింది. అది సర్విచెట్ల మీంచి పోయింది. నాలుగు నెలలు ఆడింది. ఒక సాయంత్రం ఐదో బుట్ట దగ్గర నిలబడి విసిరితే, పళ్ళెం సాపుగా వెళ్ళి గొలుసుల్లో పడింది. ఒక్క విసురు.

వెంకటపతి రేవంతా తిరిగాడు. "తొంభయ్యొక్క మీటర్లు! ఆడపిల్ల! గాలి కూడా పక్కకి తప్పుకుంది!"

"నువ్వే విసిరినట్టు ఆయాసపడతావేంటయ్యో" అంది భార్య పోలమ్మ. "ఆ పిల్లే మెదలకుండా ఉంది."

బెంగుళూరులో పోటీలున్నాయని మాస్టారు కబురు తెచ్చాడు. పేరిచ్చే కాగితంలో ఎంత దూరం విసురుతారో రాయాలి. ఎనభై దాటితే పెద్ద జట్టు, లోపు అయితే కొత్తవాళ్ళ జట్టు. సుమతి పెన్ను పట్టుకుని పాకలో వెంకటపతి పక్కన కూర్చుంది.

"మావయ్యా, తొంభై అని రాస్తే ఎక్కువవుద్దేమో. ఎనభై లోపు రాయనా?"

"తొంభయ్యొకటి రాయి. కొలిచింది నేను. ఆ ఒక్కటి మాత్రం ఎవడికి వదిలేస్తావు?"

రాసింది. షెడ్డులో మొదటిసారి నాలుగు రోజులు సెలవడిగింది. మాస్టారూ వెంకటపతీ తోడు బయల్దేరారు.

బెంగుళూరు మైదానంలో ముందు దూరం పోటీ. ఈ పిల్ల ఆడే తోట గీసిన పెద్దమనిషిని నేనేనని మైకు దగ్గర చెప్పి, టేపు కొస ఒకటి వెంకటపతి అడిగి మరీ చేతికి తీసుకున్నాడు. సుమతి పేరూ, పక్కన తొంభయ్యొకటీ మైకులో చదివారు. అవతల ఆడుతున్నవాళ్ళు కూడా చూడ్డానికొచ్చి గీత వెంబడి నిలబడ్డారు. ఆమె విసిరింది. డెబ్భయ్యయిదు. మళ్ళీ విసిరింది. డెబ్భై నాలుగు. ఆఖరిది డెబ్భయ్యారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో మర్యాదగా, చెయ్యి నొప్పా అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపి, అందరూ చూస్తుండగా ఆ డెబ్భయ్యారు మీటర్లూ నడిచి తన పళ్ళెం తనే తెచ్చుకుంది.

టేపు కొస పట్టుకున్న వెంకటపతి ఆ అంకెని అడుగుల్లోకి మార్చుకున్నాడు. డెబ్భయ్యారు మీటర్లంటే రెండు వందల యాభై అడుగులు. యాభై బారలు, ఒక్కోటీ ఐదడుగులు. బళ్ళో ఎన్నడూ రాని లెక్క రెప్పపాటులో వచ్చేసింది. అమ్మేటప్పుడు మోచేయి తెరవకూడదని తండ్రి నేర్పాడు. చేతులు చాచినట్టే కనపడాలి, మోచేతుల దగ్గర కాస్త వంగే ఉండాలి, బారకి ఒక అడుగు చేతిలోనే ఉండిపోవాలి. ఇరవయ్యేళ్ళు కొలిచాక ఆ వంపు ఇక అతనికి తెలిసేది కాదు. సర్వితోటలో కొనేవాడు ఎవడూ లేడు. ఎవర్నీ ముంచే పని లేదు. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సుమతి అక్కడ విసిరిందీ డెబ్భయ్యారే. ఇక్కడ విసిరిందీ అంతే. ఆ పిల్ల ఒక్క అంగుళం కూడా తగ్గలేదు.

నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. తెరవలేదు. బార తక్కువని చెబితే మాస్టారి ముందు పరువు పోతుంది. రేపు రేవులో తాడు ఎవరు కొంటారు? టేపు చుట్టి ఇచ్చేశాడు. పెద్ద జట్టులో సుమతి ఆఖరున నిలిచింది.

తిరుగు రైల్లో ఆమె పళ్ళేల సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

"ఎదురుగాలి వచ్చిందిలే అమ్మాయ్" అన్నాడు.

"గాలి లేదు మావయ్యా. జెండా కూడా కదల్లేదు. నాకే భయమేసింది. అంతమందిని చూసి చెయ్యి రాలేదు."

"అదీ నిజమేలే" అన్నాడు వెంకటపతి. ఆ మాట అన్నందుకు తన్ను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించి, చెప్పులు సీటు కిందికి తోసేశాడు. శ్రీకృష్ణ మాస్టారు అరటిపళ్ళిస్తే తల తిప్పుకున్నాడు. బందరు వచ్చేదాకా ఒక్క కబురు చెప్పలేదు. రైల్లో ఎవరూ తిమింగలాన్ని చూడలేదు.

షెడ్డులో ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ఏమే తొంభయ్యొకటీ, ఆ ట్రే ఇటు విసురు!" అనడం మొదలెట్టారు. వారం తిరగకుండా అది పేరైపోయింది. సుమతి ఆదివారాలు రావడం మానేసింది. తన పళ్ళేలు మూడూ సంచిలో పెట్టి పోలమ్మ చేతికిచ్చి, "ఆడేవాళ్ళెవరికన్నా ఇవ్వమను అత్తా" అని వెళ్ళిపోయింది.

వెంకటపతికి అన్నం సయించలేదు. చెప్పేస్తే తేలిపోతుంది. చెప్పకుండానే తేల్చే దారి ఒకటి తోచింది. అదే అతన్ని మరింత దిగజార్చింది. బందరు వెళ్ళి టేపు కొన్నాడు. తెల్లవారగట్ల ఎవరూ రాకముందే ఐదో బుట్ట స్తంభం తవ్వి తీసి, పదిహేను మీటర్లు వెనక్కి జరిపి పాతేశాడు. పాత గొయ్యి ఇసకతో పూడ్చి, పైన సర్వి ఆకు చల్లాడు. ఇప్పుడు బోర్డు నిజం చెబుతోంది. తొంభయ్యొకటి అంటే తొంభయ్యొకటే. ఇంక ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. ఆ ఉత్సాహంలో పున్నమ్మ ఇంటికి వెళ్ళి, "పిల్లని ఒక్కసారి తోటకి పంపు వదినా. మన నేల మీద విసిరితే ధైర్యం అదే వస్తది" అని కూడా చెప్పొచ్చాడు. ఆ మాట ఏ బుద్ధితో అన్నాడో తర్వాత ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

సుమతి వచ్చింది. పోలమ్మ తిరిగిచ్చిన సంచిలోంచి ఒక పళ్ళెం తీసి, ఐదో బుట్ట ఎదురుగా నిలబడి విసిరింది. పళ్ళెం బాగానే వెళ్ళింది. బుట్టకి పదిహేను మీటర్ల ఇవతల ఇసకలో పడింది. ఆమె వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ విసిరింది. ఏడుసార్లు విసిరింది. ఏడుసార్లూ అక్కడే. అక్కడే అంటే, తను ఒకప్పుడు గొలుసులు మోగించిన సరిగ్గా ఆ చోటే. ఆ సంగతి తోటలో ఒక్కడికే తెలుసు, వాడు సర్విచెట్టు బెరడు గిల్లుతూ నిలబడి ఉన్నాడు. సుమతి తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, ఇంకెవరిదో చెయ్యి అయినట్టు.

"చెయ్యి పోయింది మావయ్యా" అంది.

నాలుగు రోజుల తర్వాత వెంకటపతి పాకలో ఏసుపాదానికి తాడు తీస్తుంటే పున్నమ్మ వచ్చింది. వెనక సుమతి. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా కట్టు. కోడిగుడ్డు సొన వాసన.

"గూడూరు తీసుకెళ్ళానయ్యా" అంది పున్నమ్మ. "అక్కడ కట్లు కట్టే ఆయన చూసి, లోపల నరం పట్టేసిందన్నాడు. రెండు నెలలు చెయ్యి ఎత్తొద్దన్నాడు. షెడ్డు మానేసింది. మళ్ళీ బాగవుద్దంటావా? ఈ ఆట సంగతి తెలిసినోడివి నువ్వే గదా, చెప్పు."

నరం లేదు, నొప్పి లేదు. నిక్షేపం లాంటి చేతిని కర్రలు పెట్టి కట్టేశారు. వెంకటపతి చేతిలో తాడు జారి కాళ్ళమీద పడింది. పాకలో ఏసుపాదం ఉన్నాడు, రేవు మనుషులు మరో ఇద్దరున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఆ కట్టు చూశాక ఆగలేకపోయాడు.

"చేతికేం కాలేదు వదినా. కట్టు విప్పెయ్. బోర్డు తప్పు." రెండు చేతులూ చాచి వంగిన మోచేతులు చూపించాడు. "నా బార ఆరడుగులు కాదు. ఐదే. తాడు అమ్మీ అమ్మీ మోచేయి వంగిపోయింది. తోటలోనూ అట్టాగే కొలిచాను. ఐదో బుట్ట డెబ్భయ్యారు మీటర్లే. పిల్ల అంత దూరమే ఇక్కడా వేసింది, బెంగుళూరులోనూ వేసింది. మొన్న బుట్టని వెనక్కి జరిపింది కూడా నేనే, తప్పు కనపడకుండా."

ఇరవయ్యేళ్ళ వ్యాపారం ఆ మాటతో మునిగిపోతుందని వెంకటపతి కళ్ళు మూసుకున్నాడు.

ఏసుపాదం పకపకా నవ్వాడు.

"దీనికా బావా ఇంత చెమట! నీ బార ఐదడుగులని రేవులో పిల్లులకి కూడా తెలుసు. నాకు నలభై బారలు కావాలంటే నలభయ్యెనిమిది అడుగుతాను. ఎప్పుడన్నా నలభై అడిగానా, చెప్పు?"

"నేనయితే అరవైకి డెబ్భై రెండు" అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు. పున్నమ్మ కూడా, కూతురి చేతికి ఏం కాలేదన్న సంతోషంతో, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

వెంకటపతికి నేల చీలితే బాగుండుననిపించింది. ఇన్నాళ్ళూ ఏ పరువు కోసం నోరు కుట్టేసుకున్నాడో ఆ పరువు అసలు ఎక్కడా లేదు. అతని తెలివిని ఊరు ఊరంతా చంకనేసుకుని, ముద్దు చేసి తిప్పుతోంది.

సుమతి మాత్రం నవ్వలేదు.

"అందరికీ తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా" అన్నాడు ఏసుపాదం. "తాడు కొన్నోడికి మొదటిసారి తెలీదు. రెండోసారి లెక్కేసుకుని అడుగుతాడు."

"నేను తాడు కొనలేదు గదా."

నవ్వు ఆగిపోయింది. ఆమె ఎడమచేత్తో కట్టు విప్పడం మొదలెట్టింది. కర్రలు ఒక్కోటీ తీసి పాక అరుగు మీద పెట్టింది. తల్లి సాయం రాబోతే వద్దంది. చెయ్యి అంతా గుడ్డుసొనతో అట్టకట్టి ఉంది. "టేపు తీసుకురా" అని వెంకటపతితో అని తోటవైపు నడిచింది. వెనకాల బయల్దేరబోయిన మగవాళ్ళని, "మీరెందుకు?" అంది. వాళ్ళు ఆగిపోయారు.

తోటలో అతను ఐదో బుట్ట తవ్వి తీశాడు. స్తంభం భుజాన మోసుకుని పదిహేను మీటర్లు ముందుకి వచ్చి, పూడ్చిన పాత గొయ్యి మళ్ళీ తవ్వి పాతాడు. సముద్రపు గాలి అప్పుడే లేస్తోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది. ఆమె నిలబడి చూసింది, చెయ్యి వెయ్యలేదు. తర్వాత టేపు ఒక కొస అతనికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, విసిరే చోటు దాకా నడిచింది. అక్కణ్ణుంచే అడిగింది. గాలికి గొంతు పెంచి అడగాల్సి వచ్చింది.

"బెంగుళూరులో కూడా ఈ కొస పట్టుకుంది నువ్వే. అప్పుడే తెలిసిందా?"

అబద్ధం నోటిదాకా వచ్చి నిలబడింది. మొన్న తాడు కడుతుంటే మోచేయి చూసుకుని, అప్పుడు తట్టిందని చెప్పొచ్చు. ఎంత బాగా చెప్పగలడో అతనికే తెలుసు. చెబితే ఆమె నమ్ముతుంది కూడా.

"అప్పుడే తెలిసింది" అన్నాడు.

"రైల్లో, నేను భయపడ్డానన్నప్పుడు?"

"అప్పుడూ తెలుసు."

సుమతి వంగి టేపు మీద అంకె చదివింది. తర్వాత బోర్డు దగ్గరికొచ్చింది. అతను పాకలోంచి తెచ్చిన రంగు డబ్బాల మూతలు తీసి, తొంభయ్యొకటి మీద తెల్లరంగు పూసి, ఆరడానికి విసురుతూ నిలబడ్డాడు.

"డెబ్భయ్యారు" అంది. "రాయండి, వెంకటపతి గారూ."

అతని చేతిలో కుంచె ఆగింది. పాలు తాగే వయసు నుంచి ఎత్తుకు తిప్పిన పిల్ల. తలెత్తి చూడబోయి చూడలేక, ఏడు వేశాడు, పక్కన ఆరు వేశాడు. రంగు కారితే వేలితో తుడిచాడు. ఇంకా ఎనిమిది బుట్టలున్నాయి. ఆమె అప్పటికే టేపు తన కొస పట్టుకుని ఆరో బుట్ట వైపు నడుస్తోంది. తన కొస పట్టుకుని అతను వెనకాల వెళ్ళాడు, టేపు ఎంత పొడవుందో అంత దూరంలో.